ఉరి తీస్తే నిజంగా ఖర్చు మిగులుతుందా?

ఏదైనా ఘోరమైన కేసులో తీర్పు వచ్చిన రోజు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట తిరుగుతుంది. ఉరి కాకుండా యావజ్జీవం పడిందంటే చాలు, మా బాబాయి వెంటనే పెడతాడు: "జీవితాంతం మన సొమ్ముతో కూర్చోబెట్టి మేపాలా? ఉరి తీసేస్తే పీడా పోతుంది, ఖర్చూ మిగులుతుంది." కింద వరసగా దండాలు, బొటనవేళ్ళు. ఆయన చెడ్డ మనిషేం కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, రిటైరయ్యేదాకా నెల జీతాన్ని పైసాతో సహా లెక్క చూసుకుని బతికినవాడు. పన్ను కట్టే మనిషిగా ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది. అందుకని, వాదనకు దిగకుండా, ఆయన అడిగిన లెక్కనే కూర్చుని వేసి చూశాను. ఉరిశిక్ష రద్దు కావాలనేది నా అభిప్రాయం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, అయితే నా వాదనకు ఇబ్బంది పెట్టే విషయాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటినీ దాచను.

ముందు ఆ మేపడం సంగతి. 2022 చివరికి మన దేశం జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, ఇంకా ఏ కోర్టూ దోషులని తేల్చని విచారణ ఖైదీలు. బెయిలు వచ్చినా పూచీకత్తు పెట్టే స్తోమత లేక ఆగిపోయినవాళ్ళు, వాయిదా మీద వాయిదా పడి ఏళ్ళు గడిచిపోతున్నవాళ్ళు వీళ్ళలోనే ఉంటారు. ఉరిశిక్ష పడి ఎదురుచూస్తున్నవాళ్ళు 2023 చివరికి దేశం మొత్తం మీద 561 మంది. వెయ్యి మంది ఖైదీల్లో ఇంచుమించు ఒక్కరు. ఆ 561 మందినీ రేపు పొద్దున్నే ఉరి తీసేసినా జైళ్ళ బియ్యం బిల్లులో తేడా కనపడదు. తిండి ఖర్చు మీదే బాధ ఉంటే ఆ నాలుగు లక్షల మంది గురించి అడగాలి బాబాయ్.

ఈ మాట మన మనసుల్లో ఇంతగా నాటుకుపోవడానికి కసబ్ బిర్యానీ కథ కూడా ఒక కారణం. 2008 ముంబై దాడుల్లో పట్టుబడ్డవాడు జైల్లో మటన్ బిర్యానీ కావాలని అడిగాడని దేశమంతా నమ్మింది, ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. 2015లో ఆ కేసు వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఉజ్వల్ నికమ్ తనంతట తానే చెప్పారు, కసబ్ బిర్యానీ అడగనూ లేదు, ప్రభుత్వం పెట్టనూ లేదు, అప్పుడు అతని మీద జాలి పుట్టేలా ఒక వాతావరణం తయారవుతుంటే దాన్ని మార్చడానికి తానే ఆ మాట పుట్టించానని. కసబ్ మీద కోట్లు ఖర్చయిన మాట నిజమే. అయితే అది కాపలాకి, అతని కోసం కట్టిన ప్రత్యేక గదికి అయింది. అన్నం పెట్టినందుకు కాదు.

ఇక అసలు లెక్క. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసినంత మాత్రాన మన దేశంలో ఎవర్నీ ఉరి తీయలేరు. ముద్దాయి అప్పీలుకి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ ఫైలు దానంతట అది హైకోర్టుకి వెళ్ళాల్సిందే, అక్కడ ఇద్దరు జడ్జిలు సాక్ష్యం మొత్తం మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే. ఆ తర్వాత సుప్రీంకోర్టు, అక్కడ ముగ్గురు జడ్జిలు. మామూలు కేసుల్లో రివ్యూ పిటిషన్ జడ్జిల ఛాంబర్లోనే తేలిపోతుంది, ఉరి కేసుల్లో మాత్రం 2014 నుంచి దాన్ని కూడా ఓపెన్ కోర్టులో వినాలి. రివ్యూ కూడా పోతే ఆఖరి ప్రయత్నంగా అదే కోర్టులో వేసే క్యూరేటివ్ పిటిషన్, తర్వాత గవర్నరుకి, రాష్ట్రపతికి క్షమాభిక్ష దరఖాస్తు, అది తిరస్కరించాక కూడా కనీసం 14 రోజుల గడువు. ఆ క్షమాభిక్ష ఫైలు ఢిల్లీలో ఏళ్ళ తరబడి మూలన పడితే, ఆ ఆలస్యం చూపించి మళ్ళీ కోర్టుకి వెళ్ళొచ్చు. 2014 జనవరిలో సుప్రీంకోర్టు ఒకే తీర్పులో 15 మందికి ఉరి తప్పించింది, ప్రధానంగా ఈ కారణంతోనే. ఈ ఆలోచనకు తొలి రోజుల్లో బలం ఇచ్చినవాళ్ళలో మన తెలుగు జడ్జి ఒకాయన ఉన్నారు, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. ఉరి నీడలో రెండేళ్ళకు మించి ఉంచితే ఆ శిక్షను యావజ్జీవంగా మార్చాలని 1983లోనే తీర్పు రాశారు. ఆ రెండేళ్ళ లెక్క ఎంతోకాలం నిలవలేదు, తర్వాతి బెంచీలు కాదన్నాయి, కానీ ఆలస్యం కూడా ఒక శిక్షేననే మాట మాత్రం నిలిచింది.

ఇన్ని మెట్లలో ప్రతి మెట్టు దగ్గరా జడ్జిలు, లాయర్లు, గుమస్తాలు, ఎస్కార్టు పోలీసులు, మోపెడు కాగితాలు. నిర్భయ కేసునే తీసుకోండి. దేశం మొత్తం కన్ను ఆ కేసు మీదే ఉంది, ప్రభుత్వాలన్నీ తొందరపడుతున్నాయి, అయినా 2012 డిసెంబరు 16న జరిగిన నేరానికి ఉరి అమలైంది 2020 మార్చి 20న. ఒక్క ఆ చివరి మూడు నెలల్లోనే తేదీ మూడుసార్లు ఖరారై మూడుసార్లూ వాయిదా పడింది. ఆఖరి రాత్రి తెల్లవారుజామున కూడా సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. ఆ అమ్మాయి తల్లి ప్రతి వాయిదాకీ కోర్టు మెట్ల దగ్గర నిలబడి మాట్లాడటం మనమంతా టీవీలో చూశాం. ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఆవిడ జీవితం కోర్టు క్యాలెండరు చుట్టూనే తిరిగింది. ఖర్చు అన్నప్పుడు దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు తెలియలేదు.

డబ్బు రూపంలో ఈ లెక్కను శ్రద్ధగా వేసినవాళ్ళు అమెరికా వాళ్ళు. కాలిఫోర్నియాలో 1978లో మరణశిక్షను తిరిగి తెచ్చాక 2011 దాకా అయిన ఖర్చును ఒక ఫెడరల్ జడ్జి, ఒక న్యాయశాస్త్ర అధ్యాపకురాలు కలిసి లెక్కగట్టారు. దాదాపు 400 కోట్ల డాలర్లు అని తేలింది. ఆ కాలమంతటిలో అక్కడ శిక్ష అమలైంది 13 మందికి. తలకి 30 కోట్ల డాలర్లు దాటింది. కాన్సాస్ రాష్ట్రంలో 2003లో ప్రభుత్వ ఆడిట్ వాళ్ళే చూస్తే, మరణశిక్ష కోరిన హత్య కేసు మామూలు హత్య కేసు కంటే 70 శాతం ఎక్కువ ఖరీదని తేలింది. అంటే జైల్లో ముసలితనం దాకా ఉంచడమే చవక. ఇది విని మా బాబాయి నమ్మలేదు, నేనూ మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు.

ఎందుకంత ఖర్చంటే, అక్కడ ఇలాంటి కేసుకి రెండు విచారణలు. మొదటిది నేరం చేశాడా లేదా అని. చేశాడని తేలాక రెండోది, ఇతను బతకాలా వద్దా అని. ఆ రెండోదాని కోసం డిఫెన్స్ తరఫున ప్రత్యేకంగా మనుషులు పనిచేస్తారు. ముద్దాయి పుట్టిన ఊరికి వెళ్తారు, స్కూలు రికార్డులు తీస్తారు, ఆసుపత్రి కాగితాలు వెతుకుతారు, చిన్నప్పుడు తల మీద దెబ్బ తగిలిందా, ఇంట్లో ఎవరైనా కొట్టేవారా, మతి స్థిమితం ఉందా, ఇరుగుపొరుగు ఏమంటారు, అన్నీ. ఇంత చేసినా తప్పులు ఆగలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1977 నుంచి 2000 దాకా మరణశిక్ష అమలైంది 12 మందికి, శిక్ష పడ్డాక నిర్దోషులని తేలి బయటికొచ్చింది 13 మంది. ఆ లెక్క చూసి మరణశిక్షను సమర్థించే గవర్నరే అమలు ఆపించాడు, 2011లో రాష్ట్రం పూర్తిగా రద్దు చేసింది. అమెరికా మొత్తం మీద 1973 నుంచి ఇలా బయటపడ్డవాళ్ళు దాదాపు 200 మంది.

అక్కడి తెలుగువాళ్ళకు ఇది దూరపు విషయం కాదు. 2012లో పెన్సిల్వేనియాలో పది నెలల పాప, ఆమె నానమ్మ హత్యకు గురైన కేసులో చనిపోయినవాళ్ళూ తెలుగువాళ్ళే, శిక్ష పడినవాడూ తెలుగువాడే. 2014లో మరణశిక్ష వేశారు. కానీ ఆ రాష్ట్రంలో ఆఖరిసారి శిక్ష అమలైంది 1999లో, 2015 నుంచి గవర్నర్లు అమలునే నిలిపేశారు. ఈ మధ్యలో 2018లో అతనికి కాగితం మీద ఒక తేదీ వేశారు, అది జరగదని అందరికీ తెలిసే వేశారు.

"అమెరికా సంగతి మనకెందుకు, మన దగ్గర అంత ఖర్చు కాదుగా" అంటారు. నిజమే, కాదు. ఎందుకు కాదో చెప్పడానికి నేను కళ్ళారా చూసిన ఒక విషయం చెప్తాను.

కొన్నేళ్ళ కిందట వేరే పని మీద ఒక జిల్లా కోర్టుకి వెళ్ళి, ఖాళీ ఉందని సెషన్స్ హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. హత్య కేసు. బోనులో ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, పక్కన కానిస్టేబులు. నేరం రుజువైందని జడ్జిగారు చెప్పి, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడిగారు. చట్టం ప్రకారం అది తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న. హత్య కేసులో ఉరా, యావజ్జీవమా అనేది తేలాల్సింది సరిగ్గా అక్కడే. ఆ మనిషి తన లాయరు వైపు చూశాడు. లాయరు ఫైల్లో ఏదో వెతుకుతున్నాడు. కాసేపాగి ఆ మనిషి, "ముసలి అమ్మ ఉందయ్యా, ఇద్దరు పిల్లలు, చూసేవాళ్ళు లేరు" అన్నాడు. స్టెనో ఆ మాట టైపు చేసింది. అంతే, లంచ్. లంచ్ తర్వాత యావజ్జీవం అని చదివారు. ఆ రోజు ఉరి పడలేదు కాబట్టి అక్కడెవరికీ ఏమీ అనిపించి ఉండదు. కానీ ఉరి పడే కేసుల్లో కూడా మన దగ్గర చాలాసార్లు జరిగేది ఇదే తంతు, ఇదే ఒక్క ప్రశ్న, ఇదే ఒక్క జవాబు. తీర్పు కాగితంలో "ముద్దాయికి వృద్ధురాలైన తల్లి, ఇద్దరు పిల్లలు ఉన్నారని చెప్పుకున్నాడు" అని ఒక వాక్యంగా మిగులుతుంది.

మన దగ్గర ఉరిశిక్ష చవకగా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టడం లేదు. పేదవాడికి ప్రభుత్వం ఇచ్చే లీగల్ ఎయిడ్ లాయరుకి ఇచ్చే ఫీజు చాలా తక్కువ, చేతిలో బోలెడు కేసులు, వేరే ఊరు వెళ్ళి సాక్షిని కలిసే తీరిక ఎక్కడిది? ఫోరెన్సిక్ రిపోర్టును తన తరఫు నిపుణుడితో చూపించుకునే స్థోమత ముద్దాయికి ఉండదు.

ఇలా చేస్తే ఏమవుతుందో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో వేసిన నివేదికలో ఉంది. ఉరిశిక్ష పడ్డ 385 మంది ఖైదీల వివరాలు సేకరించారు. నూటికి 74 మంది ఆర్థికంగా చితికిపోయిన కుటుంబాల వాళ్ళు. దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలు, మైనారిటీలు కలిపి 76 శాతం. ఇంకా ముఖ్యమైనది, 2000 తర్వాతి దాదాపు పదిహేనేళ్ళలో కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పై కోర్టుల వడపోత తర్వాత నిలిచినవి నూటికి 5 కూడా లేవు. నూటికి సుమారు 30 మందైతే ఏకంగా నిర్దోషులుగా బయటికొచ్చారు. ఒక ఆసుపత్రిలో ప్రాణాపాయం ఉన్న ఆపరేషన్లు నూరు చేస్తే అందులో 95 అక్కర్లేనివో, తప్పు మనిషికి చేసినవో అని తేలితే ఆ ఆపరేషన్ థియేటర్ ఇంకా తెరిచి ఉంచుతామా?

అంకెలు పక్కన పెట్టి మనుషుల సంగతి చూద్దాం. మహారాష్ట్ర జాల్నా జిల్లాలో 2003లో జరిగిన హత్యలు, అత్యాచారాల కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికి కూడా ఉరి వేసి, ఆరుగురినీ మళ్ళీ ఉరికంబం ముందు నిలబెట్టింది. మళ్ళీ అదే సుప్రీంకోర్టు రివ్యూలో కేసు తిరగతోడి 2019 మార్చిలో, వీళ్ళు ఆరుగురూ నిర్దోషులు అని చెప్పింది. ప్రత్యక్ష సాక్షి మొదట్లోనే పోలీసుల ఫొటో ఆల్బమ్‌లో వేరే నలుగురిని గుర్తుపట్టిందట, ఆ నలుగురి జోలికి పోలీసులు వెళ్ళలేదట. పదహారేళ్ళు జైల్లో ఉన్నారు. ఒకతను నేరం నాటికి మైనరు కూడా. తలా 5 లక్షలు ఇమ్మంది కోర్టు. ఇంకో కేసులో పుణెలో 1994 నాటి హత్యలకు ఉరిశిక్ష పడ్డ రాజస్థాన్ మనిషిని 2023లో వదిలేశారు. నేరం జరిగే నాటికి అతని వయసు పన్నెండున్నరేళ్ళని ఊళ్ళో స్కూలు రిజిస్టరు చూపించింది. ఒక స్కూలు రిజిస్టరు తెప్పించి చూడటానికి 28 ఏళ్ళు పట్టింది మనకి.

వీళ్ళంతా బతికి బయటపడ్డవాళ్ళు. 2012లో 14 మంది రిటైర్డ్ జడ్జిలు రాష్ట్రపతికి లేఖలు రాశారు. చట్టాన్ని తప్పుగా అన్వయించి కొందరికి ఉరి వేశారని సుప్రీంకోర్టే 2009లో ఒప్పుకుంది, ఆ జాబితాలో మిగిలినవాళ్ళనైనా కాపాడండి అని. మిగిలినవాళ్ళని అని ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, అలాంటి వాళ్ళలో ఇద్దరిని అప్పటికే, 1996లో ఒకరిని, 1997లో ఒకరిని, ఉరి తీసేశారు. ఇద్దరూ రాజస్థాన్ వాళ్ళు. ఈ పేరా రాస్తుంటే నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది.

తొందరపడితే ఖర్చు తగ్గుతుందిగా, ఇరవై రోజుల్లో తేల్చేస్తే పోలా? ఈ మాట మన రాష్ట్రంలో బిల్లు దాకా వెళ్ళింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగాక, డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు తెచ్చింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి. మనసుకి నచ్చే బిల్లు, నేనూ ఆ రోజుల్లో ఆ ఆవేశంలోనే ఉన్నాను, కాదనను. కానీ అలాంటి వేగం అంతకుముందే మధ్యప్రదేశ్ ఖండ్వాలో చూశాం. 2013లో ఒక చిన్నపాప మీద అత్యాచారం, హత్య కేసులో ఛార్జీలు నమోదైన నాటి నుంచి 13 రోజుల్లో ఉరిశిక్ష వేసేశారు. ముద్దాయికి లాయరును ఇచ్చిందే ఛార్జీలు నమోదు చేసిన రోజున. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, ఉరి పడే అవకాశం ఉన్న కేసుల్లో కోర్టు ఇచ్చే లాయరుకి కనీసం పదేళ్ళ అనుభవం, తయారీకి కనీసం ఏడు రోజులు ఉండాలని చెప్పింది. మళ్ళీ విచారణ, మళ్ళీ ఉరి, మళ్ళీ హైకోర్టు వెనక్కి పంపడం, చివరికి 2024లో డీఎన్‌ఏ సాక్ష్యాన్ని సరిగ్గా చదివాక అతను నిర్దోషి అని వదిలేశారు. పదకొండేళ్ళు. అతను చేయలేదంటే ఆ పాపను చంపినవాడు ఎవడు? ఆ పదకొండేళ్ళలో వాడి కోసం ఎవరూ వెతకలేదు. తొందరలో పోయిన అసలు ఖర్చు ఇదీ.

దిశ కేసులోనైతే కోర్టు దాకా కూడా రాలేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నిందితులు నలుగురినీ ఎన్‌కౌంటర్ చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఖర్చు, కాలం మాత్రమే చూస్తే అంతకంటే తక్కువలో ఏదీ అవదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో, చంపే ఉద్దేశంతోనే వాళ్ళ మీద కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. నేరం వాళ్ళే చేశారేమో, చేయలేదేమో, ఇక ఏ కోర్టులోనూ తేలదు. అదే వారాల్లో ఆసిఫాబాద్ జిల్లాలో అచ్చం అంతే ఘోరంగా ఒక పేద వీధి వ్యాపారి మహిళను చంపారు, సమత అని పేరు పెట్టారు, ఆ కేసు మాత్రం కోర్టులోనే నడిచి 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ఆమె కోసం రోడ్ల మీదికి వచ్చిన జనం ఎంతమందో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు నా వాదనకు ఇబ్బంది పెట్టే కేసు. తప్పు మనిషి కాదు, నేరం రుజువైంది, అప్పుడేమంటావు? మా గుంటూరు జిల్లా వాళ్ళతో ఈ విషయం మాట్లాడితే చివరికి చిలకలూరిపేట బస్సు దగ్గరికే వస్తారు. 1993 మార్చి 8న దోపిడీ కోసం ఆర్టీసీ బస్సెక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పు పెట్టారు. 23 మంది కాలిపోయారు. మా ఇళ్ళల్లో చాలాకాలం రాత్రి బస్సెక్కాలంటే భయపడేవాళ్ళు, కిటికీ పక్క సీటు కావాలని అడిగేవాళ్ళు. 1995లో ఉరి వేశారు, హైకోర్టు, సుప్రీంకోర్టు సరేనన్నాయి, 1997 మార్చి చివర్లో రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉరి తేదీ ఖరారైంది. ఆఖరి గంటల్లో సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు.

వాళ్ళ కోసం పోరాడిన కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కుల నాయకులను అప్పట్లో జనం తిట్టని తిట్టు లేదు. చనిపోయిన 23 మందికి హక్కులు లేవా అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పుడు ఉద్యమం ముందుకు తెచ్చిన ఇంకో ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. ఆ ఇద్దరూ పేద దళిత యువకులు. అదే కోస్తాలో 1985లో కారంచేడులో ఆరుగురు దళితులను వెంటాడి చంపారు, 1991లో చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఆ కేసుల్లో ఎవరికైనా ఉరి పడిందా? చుండూరులో 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. "అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు" అయితేనే ఉరి వేయాలనే కొలబద్ద 1980లో బచ్చన్ సింగ్ తీర్పుతో వచ్చింది. ఏది అరుదో నిర్ణయించే చోట కులమూ డబ్బూ చూడరని, చుండూరు తర్వాత నాకైతే నమ్మకం లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే భూమయ్య, కిష్టాగౌడ్. ఆదిలాబాద్ రైతులు, నక్సలైట్ కేసు. 1975 మేలో ఒకసారి కోర్టు చివరి క్షణంలో ఆపింది, డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. అప్పటికి ఎమర్జెన్సీ. ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకి వెళ్ళే దారి కూడా మూసేసిన రోజులు. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. 1970ల తర్వాత మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడా ఉరి అమలు కాలేదు, అంటే నలభై ఏళ్ళకు పైగా మనం ఉరి లేకుండానే బతుకుతున్నాం, ఆ సంగతి చాలామందికి తెలియదు.

భయం పోతే నేరాలు పెరుగుతాయి కదా అనేది ఇంకో మాట. దీని మీద ఎక్కువ చెప్పను. తిరువాంకూరు సంస్థానం 1944లో ఉరిని రద్దు చేసింది, దేశంలో కలిశాక 1950లో తిరిగి వచ్చింది, రద్దున్న కాలంలోనూ తిరిగి వచ్చిన కాలంలోనూ హత్యల సంఖ్య దాదాపు ఒకటే. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ చూసి, వీటితో అవునని గానీ కాదని గానీ తేల్చలేమని చెప్పింది. దొరుకుతానన్న భయం మనిషిని ఆపుతుంది. దొరికాక ఏ శిక్ష పడుతుందో లెక్కపెట్టుకుని కత్తి తీసేవాడు తక్కువ.

రద్దు చేస్తే మరి అలాంటివాడు పద్నాలుగేళ్ళకే బయటికొచ్చేస్తాడా? రాడు. 2008లో ఒక కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపించింది, రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, లేకుండా 25, 30 ఏళ్ళు, లేదా ఊపిరి ఉన్నంతకాలం జైలు. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పాపను చంపిన కేసులో కింది కోర్టు రెండు నెలల్లోపే ఉరి వేస్తే, మన హైకోర్టు చచ్చేదాకా జైలు అని మార్చింది. ఈ దారికీ ఖర్చుంది, ముసలివాళ్ళయిపోయిన ఖైదీలు, మందులు, మంచాలు, ఆశ అన్నదే లేని మనిషిని రోజూ కాపలా కాయడం. ఇది చవకని నేను అనను. తప్పు తేలితే తలుపు తీసి పంపించగలం, అంతే తేడా.

టెర్రరిజం కేసుల దగ్గర నాకు సులభమైన జవాబు లేదు. 2015లో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలో లా కమిషన్ ఉరి రద్దు చేయమంటూనే టెర్రరిజం, దేశం మీద యుద్ధం కేసులను మినహాయించింది. బతికి ఉన్న ఉగ్రవాదిని విడిపించుకోవడానికి కాందహార్ లాంటి హైజాక్ ఇంకోటి జరగదా అనే భయం ఉత్తిది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013లో 18 మందిని చంపిన పేలుళ్ళ కేసులో ఐదుగురి ఉరిని తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది, ఆ రోజు బాధితుల ముఖాలు చూసి నేను ఏమీ రాయలేకపోయాను. అయినా తొందర, కోపం, పక్షపాతం అన్నీ ఎక్కువగా పనిచేసేది అలాంటి కేసుల్లోనే కదా అని కూడా అనిపిస్తుంది.

నాకు రద్దే కావాలి. అది రేపే రాదని తెలుసు, 2024 జులైలో అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో మూక హత్యలకు కూడా ఉరి చేర్చారు. ఈలోగా కనీసం ఆ రెండో విచారణ, అంటే శిక్ష ఏది వేయాలనే విచారణ, నిజంగా జరగాలి. 1974లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఈడిగ అనమ్మ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పని చేసి చూపించారు. అనమ్మ ఒక స్త్రీని, ఆ స్త్రీ పసిబిడ్డను చంపిందని రుజువైంది. అయినా ఆయన అనమ్మ వయసు చూశారు, అత్తింటివాళ్ళు కొట్టి తరిమేసిన సంగతి చూశారు, చిన్నపిల్లాడు ఉన్నాడని, రెండేళ్ళకు పైగా ఉరి భయంతో బతుకుతోందని చూసి యావజ్జీవంగా మార్చారు. 2022 మేలో సుప్రీంకోర్టు, ముద్దాయి జీవితం గురించిన సమాచారం విచారణ దశలోనే సేకరించాలని అన్ని కోర్టులకూ చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో, శిక్ష మీద విచారణకు ఎంత సమయం ఇవ్వాలి, ఎలా చేయాలి అనే ప్రశ్నను ఐదుగురు జడ్జిల ధర్మాసనానికి పంపింది. దీనికి డబ్బు కావాలి. ఊళ్ళకు వెళ్ళి విచారించే మనుషులు కావాలి, లీగల్ ఎయిడ్ లాయరుకి బతకగలిగే ఫీజు కావాలి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పరిహారం వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరక్కుండా చేతికి అందాలి.

ఇదంతా గ్రూపులో పెడితే బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ చేసి, "సరేరా, ఆ కోర్టులో చూశానన్నావే, ఆ మనిషి తల్లి సంగతేంటి?" అని అడిగాడు. చెప్పాను. ఆ రోజు లంచ్ టైములో బయటికొస్తే ఆమె వరండాలోనే గోడకానుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ క్యారేజీ. కొడుక్కి పెట్టనిస్తారా అని కానిస్టేబుల్‌ని అడుగుతోంది. కోర్టు హాలు తలుపు ఆమెకు పది అడుగుల దూరంలో ఉంది. లోపలికి పిలిచి ఆమెను ఒక్క ముక్క అడిగినవాళ్ళు లేరు.